మోకాళ్లకు ఇనుప వల

మా జలంత్రకోట వైపు నుంచి హైదరాబాదు వెళ్లినవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెకానూ గంటలు కొట్టే గడియారాన్నీ చూసి మురిసిపోతారు. నేను ఆయుధాల గది కోసమే వెళ్లాను. పలాసలో ఫలక్‌నుమా రైలు ఎక్కేటప్పుడు మా బావనీ లాక్కుపోయాను. బారువ తీరంలో వలలు అల్లీ, చిరిగినవి బాగుచేసీ ముదిరిన చేతులు ఆయనవి.

జనమంతా ఔరంగజేబు, టిప్పు సుల్తాన్ పేర్లు చెప్పే కత్తుల చుట్టూ మూగారు. ఇనుప వలయాల కవచాల దగ్గర మేమిద్దరమే.

"ఇది వలే బావా! అల్లినోడికి చెయ్యి బాగా తిరిగుండాల" అన్నాడు.

నిజమే, కానీ వలలో ముడి ఉంటుంది, ఇందులో లేదు. బెజ్జాల పలకలోంచి లాగి సన్నం చేసిన ఇనుప తీగను కడ్డీకి చుట్టి వలయాలుగా కత్తిరిస్తారు. మంచి రకంలో ప్రతి వలయం కొసల్నీ సాగగొట్టి, ఒకదానిమీద ఒకటి చేర్చి, బెజ్జం వేసి బుల్లి రివిట్ కొడతారు. ఒక్కో వలయం చుట్టూ ఉన్న నాలుగింటిని పట్టుకుంటుంది. అంగీ ఒక్కదానికే ఇలాంటివి వేలకు వేలు కావాలి. కత్తుల పక్కన రాజుల పేర్లుంటాయి. ఇంత ఓపికపట్టినవాడి పేరు మాత్రం ఎక్కడా మిగల్లేదు. నాకది బాధే.

"మరి కాళ్లకేటీ లేదేటి?" అన్నాడు బావ.

నేను వచ్చిందీ అందుకే. గుర్రమెక్కినవాడి తొడా మోకాలూ నేలమీద నిలబడ్డవాడి కత్తికి సరిగ్గా అందే ఎత్తులో ఉంటాయి. అందుకే మన దేశంలో అంగీలను తొడల మీదికి దించి, జీను మీద కూర్చోడానికి వీలుగా ముందూ వెనకా చీల్చారు. వలయాలతో అల్లిన పైజామాలూ ఉండేవి. ఐరోపాలో 12, 13 శతాబ్దాల యోధులు ఇనుప మేజోళ్లు తొడిగి నడుము పట్టీకి కట్టుకునేవారు. కొన్నయితే కాలి ముందు భాగాన్నే కప్పేవి, వెనక తాళ్లతో బిగించేవారు. బరువంతా నడుముదే. స్వీడన్‌లో విస్బీ దగ్గర 1361 యుద్ధంలో చచ్చిపోయినవాళ్ల గోతులు తవ్వితే కాలి ఎముకల మీద కత్తి గాట్లు విపరీతంగా కనిపించాయి. ఆ ఎముకల గురించి చదివాకే కాళ్ల కవచం మీద నాకు ధ్యాస పుట్టింది. వలయాలు కోతను ఆపుతాయి, గద దెబ్బను ఆపలేవు. అందుకే లోపల దూది కుట్టిన బట్ట.

మన ఆదోని కోటలోనూ ఇలాంటి కవచాలు ఉండేవి. 1680ల చివర్లో మొగలు సైన్యం కోటను పట్టుకున్నాక బికనేరు రాజు అనూప్ సింగ్ ఎన్నింటినో తన ఊరికి చేర్చాడు. వాటిమీద చుక్కలు పొడిచి నాగరి అక్షరాలు వేశారు. తర్వాత కొన్ని విదేశీ మ్యూజియాలకు వెళ్లిపోయాయి. వాటిలో ఒక్కటైనా ఆదోని పిల్లలు చూడగలిగేచోట ఉండాలని నా కోరిక.

"చిరిగితే ఎవులు బాగుచేసేవోరు?"

కమ్మరే. తెగిన వలయం తీసి కొత్తది ఎక్కించేవాడు, అందుకే పాత కవచాల్లో అక్కడక్కడా వేరే మందం వలయాలు కనిపిస్తాయని చెప్పాను. బావ అద్దానికి మొహం ఆనించి కింది అంచంతా వెతికాడు. ఒకచోట వేలు చూపించి, "ఇది ఇంకోడి పని" అన్నాడు.