గోదావరి దాకా పాకిన వేళ్లు

1919 ఫిబ్రవరి చివర మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో రవీంద్రనాథ్ టాగోర్ ‘జనగణమన’ పాడారు. ఆ పాటను అక్కడే ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరలిపి కట్టారు. ఇది మదనపల్లెలో బడిపిల్లలకు కూడా తెలిసిన కథే. ఆ పాట రెండో చరణంలో హిందువులు, బౌద్ధుల సరసనే సిక్కుల పేరు కూడా ఉందన్న సంగతిని మాత్రం ఎందుకో ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

ఆ పేరు వెనక పాత పరిచయమే ఉంది. 1873లో, పదకొండేళ్ల వయసులో, తండ్రి దేవేంద్రనాథ్ వెంట హిమాలయాలకు వెళుతూ రవీంద్రుడు దారిలో అమృత్‌సర్‌లో ఆగాడు. తండ్రీకొడుకులు నడుచుకుంటూ స్వర్ణ మందిరానికి వెళ్లేవారు. సిక్కులు కీర్తనలు పాడుతుంటే దేవేంద్రనాథ్ వాళ్ల మధ్య కూర్చుని తానూ గొంతు కలిపేవాడు. ఎక్కడివాడో తమ పాట అందుకున్నాడని వాళ్లు సంబరపడి, కలకండ, మిఠాయిలు ప్రసాదంగా చేతినిండా పెట్టి పంపేవారట. మదనపల్లెలో పాట పాడిన నెలన్నరకు, వైశాఖి పండుగ నాడు, ఆ మందిరానికి కూతవేటు దూరంలోనే జలియన్‌వాలాబాగ్ ఊచకోత జరిగింది. మే నెలాఖరున టాగోర్ సర్ బిరుదు వద్దని వైస్రాయికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం చదివేటప్పుడు, ఆ ఊరి ప్రసాదం తిన్న పిల్లవాడు కూడా గుర్తుకు రావాలి.

టాగోర్‌కు ఉన్నది పాటతో కలిసిన చుట్టరికం. పంజాబ్‌తో రక్తసంబంధమే ఉన్నవాళ్లు తెలుగునేల మీద ఉన్నారు. 1830ల మొదట్లో నిజాం కొలువులో దివాను చందూలాల్ కోరగా, మహారాజా రంజిత్ సింగ్ లాహోర్ నుంచి సిక్కు సిపాయిల దండును హైదరాబాద్‌కు పంపాడు. ‘లాహోరీ ఫౌజ్’ అన్నారు దాన్ని. అత్తాపూర్ దగ్గర బరంబాలాలో వాళ్ల ఛావునీ వెలిసింది, గురుద్వారా వెలిసింది. వచ్చిన సిపాయిల్లో చాలామంది మళ్లీ లాహోర్ మొహం చూడలేదు. వాళ్ల వారసులను దక్కనీ సిక్కులంటారు. తలపాగా, కృపాణం తాతలనాటివే. మాటలో మాత్రం దక్కనీ ఉర్దూ, తెలుగు కలిసిపోయాయి. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో స్థిరపడిన ఇలాంటి కుటుంబంలో పుట్టినవాడు బరంబాలాకు వెళితే, ఎన్నో తరాల వెనకటి పూర్వీకుడు గుర్రం దిగిన చోటుకు వెళ్లినట్టే.

వెళ్లినవాడు వాకిట్లో చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, తలకు గుడ్డ కట్టుకుంటాడు. లోపల చందువా కింద గురు గ్రంథ్ సాహిబ్ ఉంటుంది. దాని ముందు మోకరిల్లి, నుదురు నేలకు ఆనించి, పక్కకు వచ్చి నేల మీద కూర్చుంటాడు. ఆ గ్రంథంలో మనకు పరాయిగా తోచనివాళ్లు కూడా ఉన్నారు. పండరి విఠలుణ్ణి కొలిచిన నామదేవుడు ఉన్నాడు, కబీరు ఉన్నాడు, చెప్పులు కుట్టిన రవిదాసు ఉన్నాడు. లేచేముందు కడా ప్రసాదం వస్తుంది. గోధుమపిండి, నెయ్యి, చక్కెర సమపాళ్లు. పిండిని నేతిలో ఎర్రబడేదాకా వేయించి, మరిగిన చక్కెర నీళ్లు పోస్తారు. అర్దాస్ అనే ప్రార్థన అయ్యాక కృపాణంతో దాన్ని తాకించి, అప్పుడు పంచుతారు. రెండు చేతులూ దోసిలిపట్టి అందుకోవాలి. రంగులో మన కేసరిలా ఉండదు కానీ, నోట్లో వేసుకోగానే దాని తోబుట్టువే అనిపిస్తుంది. తిన్నాక నెయ్యి అరచేతుల్లో మిగిలే ఉంటుంది.

అయినా దక్కనీ సిక్కు కుటుంబాల అసలు యాత్ర నాందేడ్‌కే. పట్నాలో పుట్టిన పదో గురువు గోవింద్ సింగ్ 1708 అక్టోబరులో గోదావరి ఒడ్డున అక్కడే తనువు చాలించాడు. తన తర్వాత మనిషి గురువు ఉండడనీ గ్రంథమే గురువనీ చెప్పింది అక్కడే. అక్కడి గురుద్వారాకు ఇప్పుడున్న కట్టడాన్ని రంజిత్ సింగ్ కట్టించాడు. సిక్కుల అత్యున్నత పీఠాలైన అయిదు తఖ్త్‌లలో ఒకటైన హజూర్ సాహిబ్ ఇదే. రోజూ తెల్లవారుజామున, ఊరు ఇంకా నిద్రలో ఉండగానే, ఒక సేవకుడు గోదావరి నుంచి బిందెతో నీళ్లు తెస్తాడు. ఆ నీళ్లతోనే లోపల కడుగుతారు. బాసర మీదుగా, రాజమండ్రి మీదుగా సముద్రానికి వెళ్లే నీళ్లే అవి! 1956 దాకా నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. రాష్ట్రాల సరిహద్దు జరిగింది కానీ యాత్ర ఆగలేదు.

జహీరాబాద్ దాటగానే వచ్చే బీదర్ కూడా ఈ దారిలోదే. 1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్‌లో గురువు తల ఇచ్చేదెవరని అడిగితే ముందుకొచ్చిన అయిదుగురిలో ఒకడైన సాహిబ్ సింగ్‌ది బీదరే. మంగలి కులంలో పుట్టాడని సిక్కులు గర్వంగా చెప్పుకుంటారు. ఆ అయిదుగురితో మొదలైన సిక్కు సంఘం ఖాల్సా పునాదుల్లోనే దక్కను మనిషి ఒకడున్నాడు. అందుకే దక్కనీ సిక్కులను పంజాబ్ నుంచి తప్పిపోయి వచ్చినవాళ్లుగా చూడటం సరికాదు. వాళ్ల వేళ్లు లాహోర్‌లో ఎంత ఉన్నాయో గోదావరి ఒడ్డునా అంతే ఉన్నాయి. ఆ మాట మన చరిత్ర పాఠాల్లోకి ఇంకా రావలసే ఉంది.

ఏ గురుద్వారాకు వెళ్లినా అందరికీ పెట్టే పంక్తి భోజనం, లంగర్, మాత్రం ఒక్కటే. చాపల మీద బారులు తీరి కూర్చోవాలి, పెద్దా చిన్నా అందరూ నేల మీదే. రొట్టె వడ్డించేవాడు ఎదుట నిలబడితే రెండు చేతులూ చాచాలి. పప్పు, కూర అడిగినంత పెడతారు, పారెయ్యకుండా తినాలి. తిన్న తర్వాత అంట్లు తోముతామంటే ఎవరూ వద్దనరు, అదీ సేవే. పేరు, కులం, ఊరు ఎవరూ అడగరు.

మదనపల్లె, పుంగనూరు వాళ్లకు హైదరాబాద్ కంటే బెంగళూరు దగ్గర. కుప్పంలో రైలెక్కితే బెంగళూరు కొద్ది గంటల దారి. అక్కడ అల్సూరు చెరువు పక్కనే పెద్ద గురుద్వారా ఉంది, ఏ మతం వాళ్లైనా వెళ్లవచ్చు. ఈసారి బెంగళూరు పని మీద వెళ్లినప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. తలకు కట్టుకోవడానికి ఒక చేతిరుమాలు చాలు. పంక్తిలో కూర్చుని తినకుండా మాత్రం తిరిగి రాకండి.