చేప ప్రసాదం నుంచి నిమజ్జనం దాకా

హైదరాబాదులో మృగశిర కార్తె వచ్చిందని తెలియడానికి పంచాంగం తిరగెయ్యక్కర్లేదు, నాంపల్లి వైపు పోయే బస్సెక్కితే చాలు. ఎగ్జిబిషన్ గ్రౌండ్సులో చేప ప్రసాదం కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు సంచులూ దుప్పట్లతో సర్దుకుని ఉంటారు. 'గ్రౌండ్స్ వచ్చిందా?' అని స్టాపు స్టాపుకీ అడిగే పెద్దాయనకి సగం బస్సు జవాబు చెబుతుంది. అందులో ఇద్దరు ముగ్గురు తప్పు చెబుతారు. ఆయన మాత్రం అందరికీ తలూపుతాడు.

వెనకే జూన్ 12, బళ్లు తెరుస్తారు. వేసవంతా ఖాళీగా ఊగుతూ పోయిన పొద్దుటి బస్సులో కాలు పెట్టే చోటుండదు. నిలబడ్డ పిల్లల బ్యాగులు కూర్చున్నవాళ్ల ఒళ్లోకి చేరిపోతాయి. పిల్లలు అడగరు, పెద్దలు కాదనరు. దిగేటప్పుడు ఎవరి బ్యాగు వాళ్లెలా పోల్చుకుంటారో! అన్నిటి మీదా ఒకటే కార్టూను బొమ్మ.

ఇక వాన. చినుకు పడగానే బస్సు రెండు పార్టీలుగా చీలిపోతుంది. కిటికీ పక్కవాళ్లు అద్దం మూసెయ్యాలంటారు, నడవలో ఉన్నవాళ్లు ఊపిరాడట్లేదంటారు. ఈలోగా ఎవరో మడిచి పట్టుకున్న గొడుగు మరెవరి బూటులోకో నీళ్లు కారుస్తుంటుంది. స్టాపులో నిలబడ్డవాళ్ల తిప్పలు వేరు. బోర్డు మీద నీళ్లు కారి, వచ్చేది 127కె అవునో కాదో తేలదు. కళ్లజోడు లేని కుర్రాడెవడో ముందు పసిగట్టి 'కొండాపూర్!' అని అరుస్తాడు. అంతే, గొడుగులన్నీ ఒక్కసారి అటు వంగుతాయి. ఫ్లై ఓవర్ల కింద బైకులు ఆపుకుని సగం రోడ్డు ఆక్రమించేవాళ్ల మీద నాకు జాలీ ఉంది, కోపమూ ఉంది. బస్సులో కూర్చున్న రోజు కోపమే ఎక్కువ.

మెట్రోకి ఈ గొడవ లేదు. 2017 నవంబరులో కొత్తగా వచ్చినప్పుడు సెల్ఫీలకోసం ఎక్కినవాళ్లే ఎక్కువ. ఇప్పుడు అమీర్‌పేటలో రాయదుర్గం రైలుకి మారే జనాన్ని చూస్తే, మూడు పెట్టెల్లో ఇంతమంది ఎలా ఇమిడారా అనిపిస్తుంది. చల్లగా, వేళకి తీసుకెళుతుంది, కాదనను. కానీ వినబడేవి స్టేషన్ల పేర్లూ, పక్కవాడి ఫోనులో రీల్సూను. కబుర్లు కావాలంటే బస్సే.

ముఖ్యంగా ఆషాఢంలో. బోనాలు గోల్కొండలో మొదలై, లష్కర్ మీదుగా లాల్ దర్వాజా చేరేదాకా ఆదివారం బస్సుల్లో పట్టుచీరలే పట్టుచీరలు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి టికెట్టు డబ్బులు లేవుగానీ, జీరో టికెట్టు తీసుకోవాల్సిందే. ఆ లెక్కను బట్టే సర్కారు ఆర్టీసీకి డబ్బు కడుతుంది మరి. అందుకే కండక్టరమ్మ 'ఆధార్ తియ్యమ్మా' అని వెంటపడుతుంది. పట్టుచీర కట్టినావిడ చేతిసంచీలోంచి పసుపు పొట్లం, అగ్గిపెట్టె, వేపరెమ్మా తీస్తుంది, చివరికి ఆధార్ బయటపడేసరికి రెండు స్టాపులు దాటిపోతాయి. 'పైసలిచ్చేది మేమే, నిలబడేదీ మేమే' అని వెనకనుంచి ఒకాయన గొణిగాడు మొన్న. కండక్టరమ్మ వెనక్కి తిరక్కుండానే అంది: 'మీ ఇంటామె గూడ ఈ బస్సులల్లనే తిరుగుతుంది గద అన్నా!'

ఈ సంబరాన్ని మా వదిన విజయవాడనుంచి ఏడాదిన్నర పైగా అసూయగా విన్నది. 2025 ఆగస్టు 15న అక్కడా స్త్రీశక్తి మొదలయ్యాక ఫోన్లన్నీ బస్సులోంచే. 'ఊరికే గుడివాడ దాకా వెళ్లొస్తున్నానే' అంటుంది. గుడివాడలో పనేమిటంటే, ఏమీ లేదట.

వినాయకచవితి వస్తే ఖైరతాబాద్ మెట్రో స్టేషన్లో అడుగు తీసి అడుగు వెయ్యలేం. నిమజ్జనం రోజు మెట్రో అర్ధరాత్రి దాటాకా నడుస్తుందిగానీ, బస్సుల దారులన్నీ మళ్లిస్తారు. లక్డీకాపూల్ దగ్గర ఒకావిడ ఆదుర్దాగా అడిగింది:

'అన్నా, ఈ బస్సు కోఠీ పోతదా?'

'పోతది తల్లీ. ఎప్పుడు పోతదన్నది గణపయ్యనే అడగాలె.'

ఆవిడ ఎక్కి కూర్చుని, మొక్కజొన్న కంకి వొలవడం మొదలుపెట్టింది.