కొవ్వు రేణువులు చెప్పిన సంగతి



నేను ప్రభుత్వ వైద్యునిగా చేరిన తొలినాళ్లలో ఒక ఉపాధ్యాయుడు నా ఎదుట తలవంచుకొని కూర్చున్నారు. "ధాతువు పోతున్నదండీ" అన్నది తప్ప మరొక మాట ఆయన నోట రాలేదు. అప్పటికే లేహ్యాలు అమ్మేవాడొకడు ఆయన రెండు నెలల జీతం కాజేశాడు. ప్రోస్టేట్ గ్రంథిని వేలితో మెల్లగా నొక్కి, వచ్చిన ద్రవపు బొట్టును మైక్రోస్కోపు కింద చూశాను. ఆరోగ్యవంతుని ద్రవంలో లెసిథిన్ అనే కొవ్వు రేణువులు మెరుస్తూ దట్టంగా ఉంటాయి. ఆయన ద్రవంలో అవి పలుచబడ్డాయి. చీముకణాలు గుంపులుగా ఉన్నాయి. కొన్ని కణాలు కొవ్వును మింగి ఉబ్బి కనిపించాయి. అది ధాతునష్టం కాదు, ప్రోస్టేట్ వాపు. కొన్ని వారాల మందులతో ఆయన కోలుకున్నారు.

వీర్యంలో సుమారు నాలుగోవంతు ఈ గ్రంథి ద్రవమే. అందులో జింకు, సిట్రేటులతోపాటు కొలెస్ట్రాల్, ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వులుంటాయి. వయసుతో గ్రంథి పెరుగుతుంది. పెరిగిన గ్రంథిలో కొలెస్ట్రాల్ మామూలు గ్రంథిలోకంటే దాదాపు రెట్టింపు ఉంటుందని 1942లో స్వైయర్ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. ఉద్ధృతమైన క్యాన్సర్ కణాలు కొలెస్ట్రాల్‌ను నిల్వచేసుకుంటాయనీ తరువాత తెలిసింది. అయితే, ద్రవంలోని కొవ్వును కొలిచి క్యాన్సర్‌ను నిర్ధారించే పరీక్ష నేటి వైద్యంలో వాడుకలో లేదు. అటువంటిది చేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇంత తెలిసిన నేనే పొరబడ్డాను. అరవై ఎనిమిదో ఏట రాత్రికి నాలుగుసార్లు లేచేవాణ్ణి. మా ఆవిడ అడిగితే మంచినీళ్లు ఎక్కువ తాగానన్నాను. ఏడాది అలాగే గడిపాను. ఒక రాత్రి జలుబుకు మాత్ర వేసుకున్నాను. కొన్ని జలుబు మాత్రలు మూత్రాన్ని ఆపగలవని నాకు తెలియనిది కాదు. తెల్లవారేసరికి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. గొట్టం వేయించుకుంటూ ఆ ఉపాధ్యాయుణ్ణి తలచుకున్నాను. సిగ్గు ఆయనకంటే నాకే ఎక్కువ.

కనుక యాభై దాటిన సోదరులారా, మూత్రధార సన్నబడినా, రాత్రివేళ పదేపదే లేవవలసివచ్చినా వైద్యునికి చెప్పండి. వేలి పరీక్షకు, పి.ఎస్.ఎ. రక్తపరీక్షకు సంకోచించకండి. మూత్రంలో రక్తం కనిపించినా, చలిజ్వరంతో మూత్రం మంట పుట్టినా, మూత్రం ఆగిపోయినా ఆనాడే ఆసుపత్రికి వెళ్లండి. జలుబు మాత్ర కొనేముందు మీ ప్రోస్టేట్ సంగతి చెప్పి కొనండి.