కాకినాడ యిసుకదీవి

మాఘమాసమున మేము పిల్లలతో కాకినాడనుండి పడవమీద హోప్ దీవికి బోయితిమి. గోదావరి తెచ్చిన యిసుకను అలలు ఉత్తరముగా నెట్టగా రమారమి 200 ఏండ్లలో నేర్పడిన తిన్నె యిది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. ఈవలి అఖాతము చెరువువలె నిశ్చలము, ఆవల కడలిఘోష.

రెండువైపుల నీటిని పలుచని గుడ్డతో వడగట్టి, గాజుపాత్రలలో నుంచి, మావారు భూతద్దముతో జూపిరి. ఆవలినీట గాజుపుల్లలవంటి బాణపురుగులు; ఈవల నలుసులంతేసి రొయ్యపిల్లలు! నడుమ నున్నది యిసుకయే గదా యని విస్తుపోతిమి.

ఈ ప్రాణులకు ప్రవాహమున కెదురీదు శక్తి లేదు. తీరప్రవాహము ఫాల్గుణ చైత్రములందు ఉత్తరమునకు, కార్తిక మార్గశిరములందు దక్షిణమునకు బాఱును; ఆవలివి దానివెంట బోవలసినదే. మాటుననున్నవి ఆటుపోటుల కూగుచు నిలుచును. గోదావరి వఱదకు నీరు చప్పనైనచో నిచటి సంతతియు మాఱిపోవును.

రొయ్య సముద్రమున బుట్టి, పోటుతో కోరంగి మడచెట్ల కాలువలు జేరి పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు మరల సముద్రమునకే పోవును. సోదరీమణులారా, పురిటికి పుట్టినిల్లు జేరుట మనకే గాదు సుమా!

“సన్నకన్ను వలలేసి పిల్లల్నే తోడేత్తన్నారమ్మగారూ! రేపు మాకేం మిగులుద్ది?” అని పడవవాడు వాపోయెను. తిరుగుదారిలో మా చిన్నది ఈవలి పాత్రను అఖాతమున మెల్లగా నొంపినది.