అమ్మకు పన్నెండు మార్కులు

మాదాపూర్, కొండాపూర్ వైపు గృహ దర్శనాలకు వెళ్లినప్పుడు కొందరు కంప్యూటర్ ఉద్యోగులు మాతో, "అయ్యగారూ, మతిమరుపు పరీక్షలో అమ్మకు 30కి 12 మార్కులే వచ్చాయి. ఇక ఆమెతో ఏం మాట్లాడతాం?" అంటారు.

ప్రియ చదువరీ, పలక పట్టని తల్లిని వాక్యం రాయమంటే, పోయిన మార్కు జబ్బు వల్లా, చదువు లేకనా? నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అక్షరాలు రానివారిలోనూ ఆ తేడా కనబడింది. బడి చదువొక్కటే బుద్ధికి కొలత కాదు.

పరీక్షకు ముందే అమ్మ భాష, చదువు, చేసిన పని డాక్టరుగారికి చెప్పండి. మార్కులు వైద్యానికి దారి చూపాలి గాని, అమ్మతో మాటలు మానడానికి సాకు కారాదు.