జడుపు ఎవరికి?

మా కడప వైపు పసిపిల్లలు బెదిరిపోతే ‘జడుసుకున్నారు’ అంటారు. దిష్టి తీస్తారు, తాయెత్తు కట్టిస్తారు, పెద్ద దర్గాకు తీసుకుపోతారు. ఏం చేసినా పిల్లలకే. పెద్దవాళ్లకూ ఏదైనా చేయాలేమోనని ఎవరికీ తట్టదు.

సిడ్నీ మాక్వారీ యూనివర్సిటీలో రాన్ రేపీ అనే సైకాలజిస్టుకు తట్టింది. బడి ఈడు రాని బెరుకు పిల్లల తల్లిదండ్రులను గుంపుగా కూర్చోబెట్టి ఆరు క్లాసులు చెప్పించారు. పిల్లల్ని పిలవనే లేదు. 146 మంది పిల్లల మీద చేసిన ఆ అధ్యయనం 2005లో అచ్చయింది. ఏడాది తర్వాత చూస్తే, క్లాసులు విన్నవాళ్ల పిల్లల్లో ఆందోళన సమస్యలు తక్కువగా ఉన్నాయి.

సూత్రం చిన్నదే. ఏడుస్తారని మనం తప్పించిన ప్రతిసారీ, అది నిజంగా భయపడాల్సిందేనని పిల్లలకు చెప్పినట్టవుతుంది. అలాగని ఒక్కసారిగా తోసేయకూడదు. మెట్టు మెట్టుగా అలవాటు చేయాలి.

మా అక్క కొడుక్కి నాలుగేళ్లు. అక్క కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. మా అమ్మ అంగన్‌వాడీ గడప మీద మధ్యాహ్నం దాకా కూర్చుంటేనే వాడు లోపల ఉంటాడు. రేపట్నుంచి వేపచెట్టు కింద కూర్చో, వారం పోయాక వీధి మొగదల అన్నాను. “వాడు ఏడిస్తే రాత్రి ఫోన్లో మీ అక్కకు నేనేం చెప్పల్ల?” అంది.

క్లాసు గుంపులోనే ఎందుకు పెడతారో అప్పుడు అర్థమైంది. అమ్మ భయానికి నా దగ్గర జవాబు లేదు. ఇంకో అవ్వ దగ్గర ఉంటుంది. ఆదోని, కోసిగి వైపు గుంటూరు మిరపకోతలకు వలసపోయే ఇళ్లలోనూ చాలామంది పిల్లలు అవ్వల దగ్గరే మిగులుతారు. మన దగ్గర పేరెంట్ అంటే చాలాసార్లు అవ్వే.

పైగా వీడి భయం ఉత్తదేం కాదు. గడప దాటిన మనిషి విమానం ఎక్కడం వాడు చూశాడు. “భయమెందుకు?” అని వాణ్ణి అడగలేం. “అవ్వ పన్నెండుకు వస్తుంది” అని చెప్పగలం. చెప్పి, పన్నెండుకు రాగలం.

మా వీధిలో కూతుళ్లను గల్ఫ్ పంపిన నలుగురు అవ్వలు ఇప్పుడు సాయంత్రాలు కూర్చుంటున్నారు. నేను చదివింది చెప్తాను, వాళ్లు వాళ్లది చెప్తారు. “నా మనవరాలు మూడు దినాలు ఏడ్చింది. నాలుగో దినం నా పక్క చూడకుండానే లోపలికి పాయ” అంది ఒకామె. నేను వారం నుంచి చెప్పినా కదలని అమ్మ, తెల్లారి వేపచెట్టు కిందికి జరిగింది.

వాడు రెండుసార్లు తొంగి చూశాడట. అమ్మ ఎన్నిసార్లు చూసిందో ఆయమ్మను అడిగాను. లెక్కపెట్టలేదంది.