అష్టభోగాలతో సహా

మా ఇల్లు అమ్మకానికి పెట్టి ఎనిమిది నెలలయింది. ప్రకటన రాసింది మా చెల్లెలి కొడుకు. ‘షావుకారుపేట నడిబొడ్డున రెట్రో టౌన్‌హౌస్’ అని రాశాడు. రెట్రో అంటే ఏమిరా అని అడిగితే, “పాతది మామా, అయితే పాతది అని రాస్తే ధర తగ్గిస్తారు” అన్నాడు. ఆ లెక్కన ఇంట్లో ఉన్న నన్నూ మా ఆవిడనూ కూడా రెట్రో అనే రాయవచ్చు.

మద్రాసు వాళ్ళకు చెప్పనక్కరలేదు కానీ, బళ్ళారిలోనో బరంపురంలోనో ఉండి ఇది చదివేవారి కోసం చెబుతాను. కోటకు ఉత్తరాన ఉన్న ఈ ప్రాంతానికి 1911లో జార్జి చక్రవర్తి పట్టాభిషేకం పేరిట జార్జిటౌన్ అని పేరు పెట్టారు. అంతకు ముందు బ్లాక్ టౌన్. మా పెద్దలకు మాత్రం ఎప్పుడూ ముత్యాలపేట, పెద్దనాయకన్‌పేట. గోవిందప్ప నాయకన్ వీధి, కాశీచెట్టి వీధి అన్న పేర్లు ఇప్పటికీ బోర్డుల మీద ఉన్నాయి. ఆ పేర్లు పెట్టుకున్నవాళ్ళ భాష వీధిలో ఎంత వినబడుతుందన్నది వేరే సంగతి.

తంగసాలై వీధి నుంచి తూర్పుకు చీలే ఒక సందులో మా ఇల్లు. వెడల్పు 18 అడుగులు, లోతు 82. రైలుపెట్టె లాంటి ఇల్లు. ముందు అరుగు, తర్వాత నడవ, నడుమ ఆకాశం కనబడే వాకిలి, దాని వెనక వంటిల్లు, చివర బావి. పైన రెండు గదులు, డాబా. కప్పు మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో పేర్చి, పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం పోసి, కరక్కాయ బెల్లం నీళ్ళు చల్లుతూ కొయ్య దిమ్మెలతో రోజుల తరబడి కొట్టేవారు. అందుకే మే నెలలోనూ కింది గదిలో ఫ్యాను లేకుండా పడుకోగలం. ఇప్పుడు అది కారితే బాగుచేసే పనివాడు దొరకడు. సిమెంటు పూస్తారు, మరుసటి వానకు ఇంకోచోట కారుతుంది.

వీధి సంగతి చెప్పాలంటే, పొద్దున పదికి మొదలయితే రాత్రి తొమ్మిది దాకా మనిషి నడవడానికి దారి ఉండదు. తోపుడు బళ్ళు, మీన్‌బాడీ బళ్ళు, తల మీద గుడ్డల మూటలు, కచోరీ వాసన, మురుకుల మధ్య కూరముక్కలు పెట్టి అమ్మే శాండ్‌విచ్ కోసం కాలేజీ పిల్లలు. పురట్టాశి నెలలో చెన్నకేశవ పెరుమాళ్ కోవిల నుంచి తిరుమలకు వెళ్ళే గొడుగులు తంగసాలై వీధిలో వస్తాయి. సాయంత్రానికి యానైకవుని దాటాలి. సందు మొగలో నిలబడితే చాలు, ఆ తెల్లటి పట్టు గొడుగులు జనం తలల మీద ఊగుతూ పోవడం కనబడుతుంది. ఇంత సందడి మధ్య ఉంటూ కూడా ఎందుకు అమ్ముతున్నారంటే, మా ఆవిడ మోకాళ్ళు. 22 నిటారు మెట్లు ఆమె దిగి రెండేళ్ళయింది. ఒకసారి అంబులెన్సు సందులోకి రాలేక, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి తంగసాలై దాకా మోసుకుపోయాము. ఆ రాత్రే అక్కయ్యకు, చెల్లెలికి ఫోను చేసి, సరే అమ్మేద్దాం అన్నాను. అప్పటిదాకా వద్దన్నది నేనే.

బేరం కుదిరింది పడమటింటి సేట్‌గారితో. 1951లో వాళ్ళ నాన్న ఆ ఇల్లు కొన్నాడు. ఇప్పుడు ఆయన కొడుకు రెండిళ్ళూ కలిపి గోడౌన్ కట్టాలంటున్నాడు. వారసు సర్టిఫికెట్, విల్లంగం సర్టిఫికెట్ అన్నీ చూసిన వాళ్ళ వకీలు, మూలపత్రం కావాలన్నాడు. మా తాత ఇల్లు కొన్న 1927 నాటి దస్తావేజు, ఆరు పేజీలు, మొత్తం తెలుగు. అదీ గొలుసుకట్టు రాత. వకీలు అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికిచ్చాడు. మా మనవడికి ఇంగ్లీషు, తమిళం వచ్చు. 2006 చట్టం వచ్చాక బడుల్లో తమిళం తప్పనిసరి అయింది, తెలుగు చదివే పిల్లలు ఏడాదికేడాది తగ్గారు. వాడికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, అక్షరం రాదు. అక్కయ్య కళ్ళకు శుక్లాలు. చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నైనా అంగడి లెక్కలు చూడబట్టి గొలుసుకట్టు నాకు అలవాటు.

ఒక ఆదివారం నడిమి వాకిట్లో చాప పరిచి అందరం కూర్చున్నాం. సేట్‌గారికి 83 ఏళ్ళు, ఆయనకు మాత్రం కుర్చీ. నేను ఒక్కొక్క వాక్యం చదివి తమిళంలో చెబుతున్నాను. హద్దుల్లో మూడు వైపులా మూడు తెలుగు పేర్లు, నాలుగో వైపు వీధి. తర్వాత, నిధి నిక్షేప జల పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యాలనే అష్టభోగాలతో సహా విక్రయించడమైనది అని ఉంది. పాత దస్తావేజుల్లో ఉండే మాటే. భూమిలో పాతిన సొమ్ము, దాచిన సొమ్ము, నీళ్ళు, రాళ్ళు, ఉన్న ఫలితం, రాబోయే ఫలితం, అన్నీ కొన్నవాడివే అని. సేట్ కొడుకు నవ్వి, “నిధి ఎక్కడుందో కూడా రాశారా సార్?” అన్నాడు.

అయిదో పేజీ దగ్గర నా గొంతు ఆగిపోయింది. బావి పక్కన పడమటి గోడలో ఉన్న కిటికీ ద్వారా పడమటింటివారు, వారి తర్వాత ఆ ఇంటికి వచ్చేవారు, వంట నీళ్ళు చేదుకోవడానికి హక్కు కలవారు, దానికి మా తాతగాని ఆయన వారసులుగాని అడ్డు చెప్పరాదు అని ఉంది.

మా బావి దగ్గర కిటికీ లేదు. ఒక గూడు ఉంది. అందులో అవ్వ దీపం పెట్టేది, తర్వాత అమ్మ, ఇప్పుడు మా ఆవిడ తరఫున నేను.

నిజం చెబుతున్నాను, ఆ వాక్యం దాటేద్దామనుకున్నాను. పేజీ తిప్పేస్తే అడిగేవాడు లేడు. హక్కు అంటూ బయటపడితే వకీలు బేరం ఆపుతాడేమో, ధర తగ్గిస్తాడేమో. అక్కయ్య నా ముఖం చూసి, “ఏముందిరా? చదువు” అంది. చదివాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముందు మాట్లాడింది అక్కయ్యే. “నైనా మూయించినాడు. 56లో. ఆ ఎండాకాలం బావిలో నీళ్ళు తగ్గినాయని రాత్రికి రాత్రి మేస్త్రీని పిలిపించి ఇటుకలు పెట్టించినాడు. అవ్వ ఆ నెలంతా నైనాతో మాట్లాడలేదు. గూట్లో దీపం పెట్టేది అప్పుడే మొదలు.”

1996లో కృష్ణ నీళ్ళు పూండి చేరినప్పుడు, కొళాయి నీళ్ళు చెంబుతో పట్టుకుని “మనవాళ్ళు ఇచ్చినార్రా” అని వీధిలో అందరికీ చెప్పుకుని తిరిగినవాడు మా నైనా.

సేట్‌గారు తెలుగులోనే అన్నారు, పాత బజారు తెలుగు. “నాకు తెలుసు తమ్ముడూ. మా అమ్మ అక్కడే బిందె అందుకునేది. మీ అవ్వతో మాటలు కూడా అక్కడే. మా అమ్మకు తెలుగు వచ్చింది ఆ కిటికీ దగ్గరే. మూసినాక ఇద్దరూ డాబా మీద నుంచి మాట్లాడుకునేవాళ్ళు.” ఇన్నేళ్ళలో ఆయన ఈ మాట మాతో ఎప్పుడూ ఎత్తలేదు. కొడుకుతోనూ చెప్పలేదు, ఆ కుర్రవాడి ముఖం చూస్తేనే తెలిసింది.

వకీలు మాత్రం రాసుకోవడం కూడా ఆపలేదు. రెండిళ్ళూ ఒకే యజమాని చేతికి వస్తే ఆ హక్కు దానంతట అదే పోతుంది, ఇబ్బంది లేదు అన్నాడు. ధర పైసా తగ్గలేదు.

రిజిస్ట్రేషన్ వచ్చే నెల. కొత్త పత్రం ముసాయిదా చూశాను. చదరపు అడుగులు, డోరు నంబరు, సర్వే నంబరు ఉన్నాయి. అష్టభోగాల మాట లేదు. అసలు దస్తావేజు వాళ్ళకు ఇచ్చేయాలి కాబట్టి, రోజూ మధ్యాహ్నం దానికి నకలు రాస్తున్నాను, గొలుసు విప్పి విడివిడి అక్షరాలతో. నాలుగు పేజీలు అయినాయి. అయిదోది రేపు మొదలుపెట్టాలి.